టమోటా రాక్షసబల్లి: 1255 కుట్ల పాఠం

సావనీరుకు ఏదైనా వ్యాసం రాసిమ్మని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు, జంతుశాస్త్రం చదివేవాణ్ణి గనుక ఏ కప్ప గుండె గురించో, వానపాము మేలు గురించో రాస్తానని వాళ్ళు అనుకొని ఉంటారు. నేను బొమ్మ అల్లడం గురించి రాస్తానన్నాను. హాస్టలు గదిలో నవ్వులు చెలరేగాయి. "మగవాడివి, సూదీ దారమూ ఏమిట్రా నీకు?" అన్నారు. నవ్విన వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు నా దగ్గరే అల్లిక నేర్చుకుంటున్నారు. పేర్లు చెప్పను. కాబట్టి మిత్రులారా, నవ్వదలచిన వారు ముందే నవ్వేసి తరువాత చదవండి. ఇది పాఠం. సూదీ, దారమూ పక్కన పెట్టుకొని చదివితే చివరికి చేతిలో ఒక బొమ్మ మిగులుతుంది.

బొమ్మ పుట్టిన కథ

మాది వాల్మీకిపురం. రైల్వే స్టేషను బోర్డు మీదా, మా అవ్వ నోటా ఇప్పటికీ అది వాయల్పాడే. పట్టాభిరాముని గుడి ఉన్న ఊరు. చుట్టుపక్కల ఎటు చూసినా టమోటా తోటలు, దారి పొడుగునా మదనపల్లె మార్కెట్టుకు పోయే క్రేట్ల బండ్లు. మా ప్రాంతంలో పిల్లలకు అక్షరాల కంటే ముందు టమోటా ధర తెలుస్తుంది.

కిందటి వేసవి సెలవులకు మా అక్క కూతురు వచ్చింది. అయిదేళ్ళ పిల్ల. హైదరాబాదులో బిర్లా సైన్సు మ్యూజియం చూసి వచ్చింది. ఆ రోజు నుంచీ దానికి డైనోసార్ తప్ప మరో ధ్యాస లేదు. కంచంలో టమోటా ముక్క కనిపిస్తే మాత్రం ఏరి పక్కన పెట్టేది. "మామా, నాకు టమోటా తినే డైనోసార్ కావాల. అప్పుడు నా ముక్కలన్నీ దానికే ఇస్తా" అంది.

మా అవ్వ అప్పుడు అరుగు మీద కూర్చొని ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆమె అల్లని వస్తువు లేదు. గుమ్మానికి తోరణం, రేడియోకు గుడ్డ, తరువాత టీవీకి గుడ్డ, పాలగిన్నె మీద కప్పే పూసల మూత. ఇప్పుడు కళ్ళకు శుక్లాలు ఆపరేషను అయింది, వేళ్ళు వణుకుతాయి. "డైనోసార్ అంటే ఏందిరా? తొండా, ఉడుమా?" అని అడిగింది. ఫోనులో బొమ్మ చూపించాను. చాలాసేపు చూసి, "టమోటాకు మెడా, తోకా, నాలుగు కాళ్ళూ పెడితే సరిపోతాది గదా. నేను చెప్తా, నువ్వు అల్లు. నా చెయ్యి ఇంక నిలబడదు నాయనా" అంది.

ఈ వ్యాసానికి మూలం ఆ చివరి మాటే. మా అవ్వకు తెలిసిన అల్లిక ఏ పుస్తకంలోనూ లేదు, ఆమె వేళ్ళలో ఉంది. ఆ వేళ్ళు వణకడం మొదలైంది.

పండుకూ బల్లికీ పరిచయం ఉందా?

అల్లికకు ముందు కొంచెం శాస్త్రం. పరీక్షలో రాకపోయినా పరవాలేదు.

టమోటా పండా, కూరగాయా? వృక్షశాస్త్రం ప్రకారం పండే. పువ్వులోని అండాశయమే పెరిగి, గింజలను లోపల దాచుకొన్నది గనుక. కానీ 1893లో అమెరికా సుప్రీం కోర్టు, దిగుమతి సుంకం తగాదాలో, దీన్ని జనం భోజనంలో వాడుతున్నారు కాబట్టి కూరగాయే అని తీర్పు చెప్పింది. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసు వాళ్ళ ద్వారా మన దేశానికి వచ్చింది. మనం టమోటా అంటాం, ఉత్తరాంధ్రలో రామములక్కాయ అనే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇక డైనోసార్. గ్రీకు మాటలతో ఈ పేరు కూర్చినవాడు ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్, 1842లో. భయంకరమైన బల్లి అని అర్థం. మనం రాక్షసబల్లి అన్నాం. మన తెలుగు నేలకు సొంత రాక్షసబల్లి ఉంది. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకల ఆధారంగా 1988లో యాదగిరి అనే శాస్త్రజ్ఞుడు దానికి ఆ పేరు పెట్టారు. సుమారు 9 మీటర్ల పొడవు, నాలుగు కాళ్ళ నడక, పొడుగు మెడ, ఆకులలములు తినే జంతువు. మా అక్క కూతురు మ్యూజియంలో చూసిన అస్థిపంజరం ఇదే.

గోదావరి లోయలోనే దొరికిన మరో పెద్ద జంతువు బరాపాసారస్ టాగోరై. బెంగాలీలో 'బరా పా' అంటే పెద్ద కాలు. దాని ఎముకలు తవ్వి తీసిన రోజుల్లోనే, 1961లో, రవీంద్రనాథ్ టాగోరు శతజయంతి వచ్చింది. అందుకని 1975లో పేరు పెట్టినప్పుడు ఆయన పేరు కలిపారు. ఆ టాగోరే 1919లో మా మదనపల్లె బిసెంట్ థియొసాఫికల్ కాలేజీలో ఉండగా 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ విధంగా మదనపల్లెకూ రాక్షసబల్లికీ దూరపు చుట్టరికం ఉందని నేను వాదిస్తాను.

కానీ టమోటాకూ రాక్షసబల్లికీ మాత్రం చుట్టరికం లేదు. కోటాసారస్ బతికింది జురాసిక్ యుగం తొలి భాగంలో, అంటే దాదాపు 18 కోట్ల సంవత్సరాల కిందటి మాట. పూలు పూసే మొక్కల శిలాజాలు మనకు కనిపించేది అంతకు ఎన్నో కోట్ల ఏళ్ళ తరువాత, క్రెటేషియస్ యుగంలో. పువ్వు లేనిదే పండు లేదు. పాపం, కోటాసారస్ జీవితంలో ఒక్క పండు కూడా రుచి చూడలేదు! రాక్షసబల్లులు నశించింది 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట. టమోటా, వంకాయల కుటుంబానికి చెందిన ఒక పండు శిలాజం అర్జెంటీనాలో దొరికింది, 2017లో ప్రకటించారు. దాని వయసు సుమారు 5 కోట్ల 20 లక్షల ఏళ్ళు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. వాళ్ళకు పెళ్ళి చేసేది కొక్కెం సూది ఒక్కటే.

సూది ఒకటి, ఉచ్చు ఒకటి

ఫ్రెంచిలో క్రోషే అంటే చిన్న కొక్కెం. మనవాళ్ళు క్రోషియా అన్నారు, లేసు అల్లిక అన్నారు. స్వెట్టరు అల్లికలో రెండు సూదులుంటాయి, బోలెడన్ని ఉచ్చులు ఒకేసారి సూది మీద నిలబడి ఉంటాయి. క్రోషియాలో సూది ఒక్కటే. సాధారణంగా ఏ క్షణంలోనైనా ప్రాణంతో ఉండే ఉచ్చూ ఒక్కటే. అది జారితే నష్టం లేదు, మళ్ళీ పట్టుకోవచ్చు. తప్పు చేస్తే దారం కొస పట్టి లాగండి, పాపమంతా ఊడివస్తుంది. మనిషి చేసే పనుల్లో ఇంత దయగల పని అరుదు.

కావలసినవి: 4 ప్లై ఊలు దారం (ఎరుపు, లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ), 3 మిల్లీమీటర్ల కొక్కెం సూది, ఊలు పట్టే కన్నున్న పెద్ద కుట్టు సూది, కత్తెర, నింపడానికి పాలిస్టరు దూది. పాత దిండులోని దూది పనికొస్తుంది గానీ, ఉతికితే గడ్డకడుతుంది.

నేర్చుకోవలసినవి నాలుగే.

చైను: సూది మీద ఉన్న ఉచ్చులోంచి దారం లాగితే ఒక చైను.

సింగిల్: కింది వరుస కుట్టులోకి సూది గుచ్చి దారం లాగితే సూది మీద రెండు ఉచ్చులుంటాయి. మళ్ళీ దారం చుట్టి రెండింటిలోంచీ లాగండి. ఒక సింగిల్ పూర్తి.

పెంచడం: ఒకే కుట్టులో రెండు సింగిళ్ళు వేయడం.

తగ్గించడం: పక్కపక్క కుట్లు రెండింటిలోంచీ విడివిడిగా దారం లాగి, సూది మీద నిలిచిన మూడు ఉచ్చులను కలిపి ఒక్కసారిగా మూసేయడం.

జపానులో ఈ రకం దూది బొమ్మలను అమిగురుమి అంటారు. అల్లిక అనే మాటా, కుట్టు బొమ్మ అనే మాటా కలిసి ఏర్పడిన పేరు. చుట్టూ ఆగకుండా, మరచుట్టులాగా అల్లుకుంటూ పోవడమే అందులోని పద్ధతి.

ఆరు ఎందుకు?

"మొదట ఆరు కుట్లు, తరువాత ప్రతి చుట్టుకూ ఆరేసి పెంచు" అంది అవ్వ. ఆరే ఎందుకని అడిగాను. "మా అమ్మ ఆరే చెప్పింది. అయిదైతే గిన్నె అవుతాది, ఏడైతే రుమాలు అంచులాగా అలలు తేలుతాది" అంది.

రాత్రి పడుకొని లెక్క వేశాను. ఒక చుట్టు అల్లితే వలయం వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు పెరుగుతుంది. వ్యాసార్థం ఒకటి పెరిగితే చుట్టుకొలత రెండు 'పై'లు, అంటే దాదాపు 6.28 పెరగాలి. సింగిల్ కుట్టు వెడల్పు, ఎత్తు ఇంచుమించు సమానం. కాబట్టి చుట్టుకు ఆరు పెంచితే బల్లపరుపుగా వస్తుంది. అంతకన్నా తక్కువైతే గిన్నె, ఎక్కువైతే అలలు. అవ్వ చెప్పింది అక్షరాలా నిజం! ఆ అలల అంచునే పట్టుకొని, 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమిన్యా అనే గణితశాస్త్రజ్ఞురాలు హైపర్బోలిక్ తలాన్ని క్రోషియాతో అల్లి విద్యార్థుల చేతికిచ్చారు. కాగితం మీద అర్థం కానిది చేతితో తడిమితే అర్థమైంది. మా అవ్వ మూడో తరగతితో బడి మానేసింది.

అల్లే విధానం

ఒళ్ళు (ఎరుపు): దారం వేలికి చుట్టి ఆ వలయంలో 6 సింగిళ్ళు వేసి బిగించండి. రెండో చుట్టులో ప్రతి కుట్టులోనూ పెంచితే 12. మూడో చుట్టులో ఒకటి మామూలుగా, ఒకటి పెంచి: 18. నాలుగులో రెండు మామూలు, ఒకటి పెంచి: 24. ఇదే వరసన 30, 36, 42. ఏడు చుట్లయ్యాయి. ఎనిమిది నుంచి పద్నాలుగు దాకా పెంచకుండా, తగ్గించకుండా 42 చొప్పున. పదిహేనులో అయిదు మామూలు, ఒకటి తగ్గించి: 36. తరువాత 30, 24. ఇక్కడ ఆగి దూది నింపండి. తరువాత 18, 12, 6, మూసేయండి. మొత్తం 20 చుట్లు, 588 కుట్లు. అడ్డంగా దాదాపు ఆరేడు సెంటీమీటర్లు, అంటే మంచి నాటు టమోటా అంత వస్తుంది.

ప్రతి చుట్టు మొదటి కుట్టుకు వేరే రంగు దారం ముక్క గుర్తు పెట్టండి. నేను పెట్టలేదు. నా మొదటి టమోటా ఒకవైపు ఉబ్బి గుమ్మడికాయ అయింది. అవ్వ కంటితో చూడలేదు, వేళ్ళతో తడిమి "తొమ్మిదో చుట్టులో తప్పినావు. ఊడదీయి" అంది. లెక్కపెట్టి చూస్తే తొమ్మిదో చుట్టే!

ఇప్పుడు పెద్ద సూదితో ఎర్ర దారాన్ని అడుగు మధ్య నుంచి పైకి తీసి, బయటి నుంచి మళ్ళీ అడుక్కి తెచ్చి బిగించండి. ఇలా అయిదుసార్లు చేస్తే టమోటాకు తొనల గాళ్ళు వస్తాయి.

తల, మెడ (లేత ఆకుపచ్చ): 6, 12, 18, తరువాత 18 చొప్పున మూడు చుట్లు. ఒకటి మామూలు, ఒకటి తగ్గించి: 12. రెండు మామూలు, ఒకటి తగ్గించి: 9. తలలో దూది నింపి, 9 చొప్పున పన్నెండు చుట్లు మెడ. మొత్తం 219 కుట్లు. మెడలో దూది గట్టిగా కూరండి, లేకపోతే తల వాల్చి నిద్రపోతుంది.

తోక (లేత ఆకుపచ్చ): 4 కుట్లతో మొదలు. ఒక్కో లెక్కకు రెండేసి చుట్లు అల్లి, ఒక కుట్టు పెంచుతూ 12 దాకా వెళ్ళండి. 18 చుట్లు, 144 కుట్లు.

కాళ్ళు నాలుగు (లేత ఆకుపచ్చ): 6, 12, తరువాత 12 చొప్పున నాలుగు చుట్లు. కాలుకు 66, నాలుగింటికి 264.

తొడిమ (ముదురు ఆకుపచ్చ): వలయంలో 5, తరువాత 10. అక్కడి నుంచి 6 చైన్లు వేసి, సూదికి రెండో చైను నుంచి వెనక్కి 5 సింగిళ్ళు. రెండు కుట్లు దాటి అతికించి, మళ్ళీ అలాగే. అయిదు రేకులొస్తాయి. సింగిళ్ళు 40.

మెడ ముందు, తోక వెనక, కాళ్ళు కింద, తొడిమ వీపు మీద పెట్టి గట్టిగా కుట్టేయండి. కళ్ళకు పూసలు వద్దు. చిన్న పిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటారు. నల్ల దారంతో రెండు ముళ్ళు వేస్తే చాలు.

కూడి చూడండి: 588, 219, 144, 264, 40. మొత్తం 1255 సింగిళ్ళు.

వెల ఎంత?

నాకు మొదటి బొమ్మకు తొమ్మిది సాయంత్రాలు పట్టింది. రెండోది కాలేజీలో విద్యార్థుల హస్తకళల ప్రదర్శనకు అల్లాను. బల్ల మీద పెట్టగానే జనం మూగారు. పెద్దమనిషి ఒకాయన చేతిలోకి తీసుకొని, "బాగుందయ్యా, వంద రూపాయలకు ఇస్తావా? బజార్లో ఇంతకన్నా పెద్దవి వస్తాయి" అన్నారు. మొహమాటపడి సరే అనబోయాను.

పక్క బల్ల మీద లేసు అల్లికలు పెట్టుకొన్న అమ్మాయిది నరసాపురం వైపు. ఆమె బొమ్మను తీసుకొని తిరగేసి చూసి, "ఎన్ని కుట్లు?" అని అడిగింది. చెప్పాను. "చేయి తిరిగినవాళ్ళు నిమిషానికి పది వేస్తారనుకుందాం. కుట్లకే రెండు గంటల పైన. నింపి, అతికించడానికి ఇంకో గంటన్నర. ఊలుకూ దూదికీ ఎంతయింది?" ఎనభై అన్నాను. "అంటే మూడున్నర గంటలకు ఇరవై రూపాయలు. మా అమ్మకూ ఇలాగే లెక్క కడతారండి" అని బొమ్మ తిరిగి బల్ల మీద పెట్టింది.

నరసాపురం ప్రాంతంలో ఈ అల్లిక 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల ద్వారా మొదలైంది. తరువాత అక్కడి లేసు విదేశాలకు వెళ్ళింది. జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ అక్కడి స్త్రీల మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం ప్రచురించారు. ఆమె చూపించిన విషయం సూటిగా ఉంటుంది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేసే ఆ స్త్రీలను అందరూ ఇంటి ఇల్లాళ్ళనీ, ఖాళీ సమయంలో కాలక్షేపానికి అల్లుతారనీ అనుకున్నారు. పని అనుకోలేదు కాబట్టి కూలి కూడా పనికి తగినట్టు ఇవ్వలేదు. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. పేరుకు గుర్తింపు వచ్చింది, వేళ్ళకు కూడా రావాలి.

మా ఊరి రైతు సంగతీ ఇంతే కదా అనిపించింది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో టమోటా కిలో వంద దాటిందని దేశమంతా గగ్గోలు పెట్టింది. సెప్టెంబరుకు ధర కుప్పకూలింది, అప్పుడు దేశం మాట్లాడలేదు. పండించినవాడు వెల చెప్పడు. అల్లినామె కూడా చెప్పదు. ఇద్దరి సరుకుకూ వెల కట్టేది చేతికి మట్టి గానీ, దారం ఒరిపిడి గానీ అంటనివాడు.

నేను ఆ పెద్దమనిషితో, "సార్, ఇది నాలుగు వందలు. ఇందులో 1255 కుట్లున్నాయి" అని చెప్పాను. ఆయన నవ్వి వెళ్ళిపోయారు. బొమ్మ అమ్ముడుపోలేదు. సాయంత్రం దాకా దాని ముందు ఒక అట్టముక్క పెట్టాను. 'ఊలు, దూది: 80. మూడున్నర గంటల కూలి: 320' అని. చదివినవాళ్ళు కొందరు నవ్వారు, కొందరు ఆగి వాళ్ళ అమ్మ ఏమేమి అల్లిందో చెప్పి వెళ్ళారు. నలుగురు నేర్పమని అడిగారు.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ సంగతంతా అవ్వకు చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "యాభై ఏండ్లు అల్లినా. కుట్లు లెక్కపెట్టమని నాకు ఎవురూ చెప్పలేదు, వరసలే లెక్కపెట్టినా" అంది.

మొదటి బొమ్మ మా అక్క కూతురి దగ్గరే ఉంది. రోజూ అన్నం ముందు దానికి టమోటా ముక్క పెడుతుందట. అది తినకపోయేసరికి కోపం వచ్చి, "చూడు, ఇట్లా తినాల" అని తానే తిని చూపిస్తుందట. అక్క ఫోనులో చెప్పింది.

మిత్రులారా, ఇళ్ళకు వెళ్ళినప్పుడు మీ అవ్వలు, నాయనమ్మలు, అమ్మమ్మలు అల్లిన గుడ్డ ఒకటి బీరువా అడుగున ఉంటుంది, తీసి చూడండి. ఒక వరస కుట్లు లెక్కపెట్టి, వరసల సంఖ్యతో హెచ్చవేయండి. వచ్చిన అంకెను అల్లినామెకు చెప్పండి. ఆమె ఇంకా ఉంటే, చెయ్యి నిలబడుతున్నప్పుడే, పక్కన కూర్చొని సూది పట్టుకోండి. మొదటి చుట్టు ఆరు కుట్లు.